దుర్గవ్వ చెప్పని మాట

దుర్గవ్వకు ఓర్వలేనితనం ఎప్పుడు పట్టుకుందో చెప్పడం కష్టం. ఎప్పుడు వదిలిందో చెప్పడం ఇంకా కష్టం, వదిలితే కదా! ధర్మపురిలో మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. అక్కకు కొత్త లంగా కుట్టిస్తే తనకూ కావాలి. కుట్టించాక, అక్క లంగా అంచు తన అంచుకన్నా వేలెడు వెడల్పుందని ఏడుపు. "గీ పొల్లకు ముందుగాల కండ్లు పుట్టినయ్, ఎనుక ఒళ్లు పుట్టింది" అనేది వాళ్ళవ్వ. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. దుర్గవ్వకు రుచి సంగతి తర్వాత, అసలది పొరుగింట్లో ఉడకడమే పెద్ద తప్పు.

పెళ్ళయిన కొన్నేళ్ళకే మొగుణ్ణి గత్తర ఎత్తుకుపోయింది. వాంతులూ విరేచనాలతో ఊళ్ళో ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో ఆ ఏడు. పిల్లల్లేరు. అత్తింట్లో ఉండమనే అన్నారు గానీ, తోడికోడలు పసుపు కుంకుమలతో కళకళలాడుతూ ఎదురుగా తిరుగుతుంటే ఆ ఇంట్లో ముద్ద దిగలేదు. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ఒక మూట కట్టుకుని, పడవమీద గోదావరి దాటి, ఆవలి గడ్డన ఉన్న ఒక బొగ్గుబాయిల బస్తీకి చేరింది. అక్కడి కంపెనీ దవాఖానలో ఆయా పని దొరికింది. పాత నర్సమ్మ చేతికింద ఏళ్ళ తరబడి పని నేర్చి, పరీక్ష రాసి, తెల్లచీర కట్టి తనూ నర్సమ్మయింది. రాజ్యం మారి హైదరాబాదు స్టేటు ఆంధ్రప్రదేశ్ అయ్యేనాటికి మగవాళ్ళ వార్డు మొత్తం ఆమెదే.

పని మాత్రం, ఆమెకు పడనివాళ్ళు కూడా ఒప్పుకోవాల్సిందే. బాయిలో కప్పు కూలి నడుము విరిగినవాడు నెలల తరబడి మంచంలో పడి ఉంటే, పక్కలు మార్చి, వీపుకు స్పిరిటు రుద్ది, పౌడరు అద్ది, ఒక్క పుండు పడనిచ్చేది కాదు. అంటుకుపోయిన కట్టును ఏనాడూ గుంజలేదు. ఉప్పునీళ్ళు పోసి, అది నానేదాకా వాడి పెళ్ళాం సంగతీ మేకల సంగతీ అడుగుతూ కూర్చునేది. పొట్ట కోసినవాడికి దగ్గు వస్తే కుట్లమీద దిండు పెట్టి, రెండు చేతులా అదిమిపట్టి, "ఇగ దగ్గు కొడుకా, నేను పట్టుకున్న" అనేది. ఎవరూ చెప్పుకోలేని మాటలన్నీ ఆమెకు చెప్పుకునేవారు. అవ్వంటే అక్కడ అమ్మే, అమ్మ దగ్గర సిగ్గేమిటి?

అన్నేళ్ళూ ఆ వార్డులో దుర్గవ్వ ఓర్వలేనితనం లేకుండా బతికింది. గొప్పతనమేం లేదు, ఓర్వలేకపోవడానికి అక్కడ ఇంకొకరు లేరు, అంతే.

అప్పుడు అనసూర్య వచ్చింది.

చొప్పదండి పిల్ల. హైదరాబాదులో చదివి వచ్చింది. ఇరవై దాటి ఎంతో కాలేదు. చామనఛాయ, మెత్తటి గొంతు, ఎవరేమన్నా నవ్వు. డాక్టరు సాబు వార్డును రెండు చేశారు. తలుపు వైపు మంచాలు దుర్గవ్వకు, కిటికీ వైపు మంచాలు అనసూర్యకు. గాలీ వెలుతురూ ఉన్న వైపు దానికిచ్చారని మొదటి పొద్దే దుర్గవ్వ మనసులో ముల్లు దిగింది.

ఆ పిల్లలో తప్పు పట్టడానికి దుర్గవ్వ చెయ్యని ప్రయత్నం లేదు. కట్టు విప్పి చూసింది, బాగానే ఉంది. దుప్పటి మూలలు ఎత్తి చూసింది, తనకన్నా బాగా మడిచి ఉన్నాయి. సూది వేస్తే ఎవడైనా అరుస్తాడేమోనని చెవులు రిక్కించి నిలబడింది. అరవకపోగా, "అయిపోయిందా చెల్లె? తెల్వనే లే" అన్నాడొకడు. ఆ మాటకు దుర్గవ్వ కళ్ళలో నిప్పులు పోసుకుంది. పదేళ్ళుగా ఎంతమందికి సూదులు వేసింది! ఒక్కడైనా అన్నాడా ఆ మాట?

కొత్తొక వింత, పాతొక రోత. తలుపు వైపు వాళ్ళు కూడా మెల్లగా కిటికీ వైపు చూడడం మొదలుపెట్టారు. మొండయ్య అని, కాలు విరిగి దానికి బరువు వేలాడదీసుకుని పడుకున్న ముసలి కార్మికుడొకడు ఉండేవాడు. తలుపు వైపు మంచమే, దుర్గవ్వ మనిషే. వాడు కూడా ఒకనాడు, "అవ్వా, గా పిల్లను జర ఇటు తోలరాదు? నవ్వుకుంట మందిస్తది, చేదు తెల్వది" అన్నాడు. మర్నాడు దుర్గవ్వ తనూ ఒక నవ్వు నవ్వి మందిచ్చింది. మొండయ్య ఆమె మొహం కేసి చూసి, "ఏందవ్వా, పన్ను సలుపుతుందా?" అన్నాడు. వార్డంతా గొల్లుమంది. అనసూర్య కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళ నవ్వు దుర్గవ్వ ఆ పూటే మర్చిపోయింది. ఆ కొంగు చాటు నవ్వు మాత్రం మర్చిపోలేదు.

ఆ రోజుల్లోనే రాయమల్లును ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. బాయిలో బొగ్గు నింపే మనిషి, ముప్ఫై ఏళ్ళవాడు, గట్టివాడు. పేగు మెలిపడి, పొట్ట కుండలా ఉబ్బి, మెలికలు తిరిగిపోతున్నాడు. డాక్టరు సాబు పొట్ట కోసి పేగును సరిచేశారు. కిటికీ వైపు మంచం ఖాళీగా ఉంటే అక్కడ వేశారు. అంటే అనసూర్య మనిషి.

పైగా ఇంకో సంగతి బయటపడింది. రాయమల్లు పెళ్ళి చేసుకున్నది చొప్పదండి పిల్లనే. ఒక ఊరి పిల్లను చేసుకున్నవాడు ఆ ఊరి ఆడపిల్లలందరికీ బావే. అనసూర్య వాడిని "బావా" అని పిలవడం మొదలుపెట్టింది. "బావా, నాలుక సూపియ్యి", "బావా, చెయ్యి ఇటియ్యి, నాడి సూస్త." విన్నప్పుడల్లా దుర్గవ్వకు ఒళ్ళు మండేది. ఈమె అందరికీ అవ్వే, ఎవరికీ చుట్టం కాదు. ఆ పిల్లకు వచ్చీ రాగానే వార్డు మంచాల్లో కూడా చుట్టరికం దొరికింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేగుకు కత్తి పడ్డాక అది కొన్నాళ్ళు నిద్రపోతుంది. నోటికి గంజి పొయ్యాలంటే ముందది లేవాలి. లేచినట్టు గుర్తు, కింది గాలి పోవడం. గాలి పోకముందే కడుపులో ఏదైనా పోస్తే అది కిందికి దిగదు. పొట్ట ఉబ్బుతుంది, పోసిందంతా పైకి తంతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషే పోతాడు. అందుకే ఆ వార్డులో దేవుడి పేరుకన్నా ఎక్కువగా వినిపించే మాట, "గాలి పోయిందా?" మొండయ్య దానిమీద ఒక వేళాకోళం కట్టాడు. "బాయిలకు గాలి రాకుంటె సస్తం, దవాఖాన్ల గాలి పోకుంటె సస్తం. మన బతుకంత గాలే."

కోసిన మూడోనాటి పొద్దున అనసూర్య సూదులు ఉడకబెడుతూ లోపల ఉంది. దుర్గవ్వ అటుగా పోతుంటే రాయమల్లు చెయ్యి ఊపాడు. దగ్గరికి వెళితే గొంతు తగ్గించి, "అవ్వా, గాలి ఇంక పోలే. పొట్టల రాయి ఉన్నట్టే ఉన్నది. గా పిల్ల పొద్దుగాలనుంచి అడుగుతుంది. వరసకు మరదలాయె, దానితోని గీ ముచ్చట ఎట్ల మాట్లాడాలె? నీకైతె చెప్పొచ్చని చెప్తున్న" అన్నాడు.

దుర్గవ్వకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. చూశావా! ఎంత బావా బావా అని తిరిగినా అసలు మాట చెప్పడానికి నేనే కావలసి వచ్చాను! వాడి పొట్టమీద చెయ్యి వేసి చూసింది. బిగుసుకునే ఉంది. "ఫికర్ చెయ్యకు కొడుకా, నేనున్న" అంది. పక్కకు తిప్పి పడుకోబెట్టింది, తడిగుడ్డతో పెదాలు తుడిచింది. ఇక వెళ్ళి అనసూర్యతో ఒక్క మాట చెప్పాలి. ఆ మాట ఆమె ఆ పొద్దంతా దాచుకుంది. చెప్పకూడదని కాదు. ఆ పిల్ల తనంతట తాను వచ్చి, "అక్కా, నాకు చెప్తలేడు, నువ్వు అడుగరాదా?" అని బతిమాలితే చెబుదామని. ఆ బతిమాలుడు కోసం ఎదురుచూసింది. అనసూర్య రాలేదు.

పగటిపూట చుట్టాలను రానిచ్చే వేళయింది. రాయమల్లు అత్త రాజక్క చొప్పదండినుంచి దిగింది. మంచం పక్కన గోడకానుకుని ముసుగు సర్దుకుని కూర్చుంది. అల్లుడు అత్త ముందు కాళ్ళు ముడుచుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, పెళ్ళి పీటల మీద ఉన్నంత బుద్ధిగా పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే అనసూర్య వచ్చింది. పాపం, మెల్లగానే అడిగింది. "బావా, గాలి పోయిందా?"

ముందు మరదలు, పక్కన అత్త. రాయమల్లు చెవులు ఎర్రబడ్డాయి. రాజక్క మొహం గోడ వైపు తిప్పుకుంది. వాడు అనసూర్య భుజం మీదుగా, కట్ల పళ్ళెం పట్టుకుని అవతల నిలబడ్డ దుర్గవ్వ వైపు ఒక చూపు చూసి, "అయింది" అన్నాడు.

దుర్గవ్వ ఆ చూపు చూసింది. నా పరువు తియ్యకు అవ్వా అని బతిమాలుతున్నాడనుకుంది.

డాక్టరు సాబు వచ్చారు. ఆ పూట బాయిలో ఏదో ప్రమాదమయి, గాయాలతో మనుషులు వస్తున్నారని కబురు. ఆయన కాళ్ళు నేలమీద నిలవడం లేదు. "గాలి పోయిందా?" అని అనసూర్యను అడిగారు. "పోయింది సాబ్" అంది. పొట్టమీద చెయ్యి అలా వేసి తీసి, "సరే, పల్చటి గంజి, చెంచాతోని, కొంచెం కొంచెం" అని బయటికి పరుగెత్తారు.

దుర్గవ్వ నాలుక చివర మాట నిలబడే ఉంది. ఒక్క అరుపు చాలు. నోరు తెరవబోయింది కూడా. అప్పుడు రాజక్క అనసూర్య గడ్డం పట్టుకుని, "నా తల్లే, నా బిడ్డవే! నీ చేతులల్ల నా అల్లుడు లేచి కూసుంటడు" అని మెటికలు విరిచింది. అంతే. తెరవబోయిన నోరు మూతబడింది. నన్నెవరైనా అడిగారా? దాని మంచం, దాని బావ. డాక్టరు సాబు దాన్నే అడిగారు, అదే జవాబు చెప్పింది. తెలియాలి, కట్టు కట్టినంత తేలిక కాదని తెలియాలి! ఒక వాంతయితే అవుతుంది, నాలుగు చివాట్లు పడితే పడతాయి. దుర్గవ్వ వెనక్కి తిరిగి తన వైపు వెళ్ళి, చుట్టిన పట్టీలనే విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది.

గంజి వచ్చింది. అనసూర్య రెండు చెంచాలు పట్టింది. ఇంతలో గాయాలవాళ్ళు వచ్చారని పిలుపు. "పెద్దమ్మా, గిట్లనే మెల్లగ" అని చెంచా రాజక్కకు ఇచ్చి వెళ్ళింది. మూడు రోజులుగా ఏమీ తినని అల్లుడు. చెంచాతో పోస్తే అత్తకు మనసొప్పుతుందా? చెంచా పక్కనపెట్టి గిన్నె ఎత్తి పట్టించింది. వాడు అత్త చేతి గిన్నెను కాదనలేక తాగాడు.

పట్టీలు చుడుతున్నా దుర్గవ్వ చెవి అటే ఉంది. మొదట ఎక్కిళ్ళు వినిపించాయి. ఎక్కిళ్ళు ఆగలేదు. తర్వాత రాజక్క కేక.

దుర్గవ్వ మనసు ఎంత వంకరదైనా చేతులు వంకరవి కావు. పట్టీలు ఎక్కడ పడ్డాయో తెలియదు. వెళ్ళేసరికి రాయమల్లు వెల్లకిలా పడి ఉన్నాడు, నోటినుంచి ముక్కునుంచి పచ్చటి వాంతి, మొహం నల్లబడుతోంది. భుజం పట్టి ఒక్క గుంజున పక్కకు తిప్పింది, తల మంచం అంచుకు వాల్చింది, వేలికి గుడ్డ చుట్టి నోట్లో ఉన్నదంతా లాగేసింది. రెండో చెయ్యి కుట్లమీద. "ఊపిరి తియ్యి కొడుకా, తియ్యి, తియ్యి" అని అరుస్తోంది. లోపల మాత్రం, నరసింహస్వామీ, వీణ్ణి చంపకు, వీణ్ణి చంపింది నేననిపించకు అని మొక్కుతోంది. వాడు దగ్గాడు. ఊపిరి వచ్చింది. ఆమె చీరంతా వాంతి.

అనసూర్య డాక్టరును పిలుచుకొచ్చింది. ముక్కులోంచి కడుపులోకి రబ్బరు గొట్టం వేసి, గొట్టానికి పిచికారీ పెట్టి ఉన్నదంతా లాగారు. చేతికి సెలైను పెట్టారు. ప్రాణానికి భయం లేదని తేలాక డాక్టరు సాబు వార్డు నడుమ నిలబడి అనసూర్యను ఉతికి ఆరేశారు. "పొట్ట గట్టిగ ఉంటే గాలి పోయిందని ఎట్ల చెప్పినవ్? చదివింది ఇదేనా? రేపటినుంచి ఆడోళ్ళ వార్డుకు పో. గీ వార్డు మళ్ళ దుర్గవ్వదే."

 బావ అబద్ధం చెప్పాడని అనసూర్య అనలేదు. వరండాలో నిలబడి కళ్ళు తుడుచుకుని, దుర్గవ్వ కనబడగానే, "నువ్వు లేకుంటె పానం పోతుండె అక్కా. ఊరి వరస మనిషి నాతోని ఎట్ల చెప్తడు? గంత మాట నాకు తట్టలే" అంది.

"పనంటె నవ్వుడు కాదు బిడ్డా, నేర్సుకో" అంది దుర్గవ్వ, పెద్దరికంగా.

తర్వాతి రోజులు దుర్గవ్వవే. కిటికీలూ తలుపులూ రెండు వైపులా ఆమెవే. "అవ్వా, నువ్వు గాకుంటె రాయమల్లు గోదారొడ్డుకు కాష్టానికి పోతుండె" అని మొండయ్య నోరారా పొగిడాడు. రాజక్క కాళ్ళకు దండం పెట్టింది. దుర్గవ్వ కాదనలేదు. ఆ పొగడ్తంతా అమృతంలా తాగింది. అనసూర్య లేని కిటికీ వైపు ఎంత అందంగా కనిపించిందో! మధ్యమధ్య గుండెలో ఏదో కలుక్కుమనేది. కానీ వాడు బతికాడు కదా, ఎవరికేం పోయింది అని సర్దిచెప్పుకునేది.

రాయమల్లు ముక్కులో గొట్టం ఉన్నన్నాళ్ళు మాట్లాడలేదు. అది తీసేశాక కూడా గొంతు పచ్చిగా ఉండి సైగలే చేశాడు. కుట్లు విప్పే రోజు దుర్గవ్వ పళ్ళెం పట్టుకుని వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరు. కట్టు నానుతోంది.

"అవ్వా, ఒకటి అడుగుత. ఏమనుకోవద్దు."

"అడుగు కొడుకా."

"గా పొద్దు నీకు చెప్పిన గద, గాలి పోలేదని. అత్త ముందట, గా పిల్ల ముందట నోరు రాక అయిందన్న. నువ్వు ఆడనే ఉన్నవ్. అవ్వకు ఎరికే, అవ్వ ఆపుతదనే ధైర్నంతోనే గట్లన్న. గందుకే నీ దిక్కు చూసిన. గంజి వస్తె గూడ, అవ్వకు తెల్వకుంట రాదు, తాగొచ్చు కావచ్చు అనుకున్న. మర్సిపోయినవా అవ్వా?"

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. మర్చిపోయానంటే నమ్ముతాడు. తలకాయ ఊపి, పోనీలే అవ్వా, ఎన్ని పనులని గుర్తుంటయ్ అంటాడు. దుర్గవ్వ వాడి మొహం చూడలేక కుట్లవైపు చూసింది. వార్డంతా అనసూర్య వైపు తిరిగిందని కుళ్ళి కుళ్ళి చచ్చిన రోజుల్లో, ఈ ఒక్కడు తన ప్రాణం తెచ్చి ఆమె చేతిలో పెట్టి నిశ్చింతగా గంజి తాగాడు.

"మర్సిపోలే" అంది.

 ఆమె కట్టు తీసి, ఒక్కొక్క కుట్టూ నొప్పి తెలియకుండా విప్పి, తుడిచి, కొత్త కట్టు కట్టింది. చేతులు కడుక్కుని తిన్నగా డాక్టరు సాబు గదికి వెళ్ళింది.

"సాబ్, రాయమల్లుకు గాలి పోలేదని నాకు పొద్దుగాలనే ఎరికె. చెప్పలే. గా పిల్ల తప్పేం లేదు."

డాక్టరు సాబు కలం కిందపెట్టారు. "ఎరికై ఎందుకు చెప్పలే?"

"ఓర్వలేక సాబ్."

 ఆయన ఆమెను ఉద్యోగంలోంచి తియ్యలేదు, మనిషి ప్రాణం కాపాడిన చెయ్యి కూడా అదే కాబట్టి. ఆడవాళ్ళ వార్డుకు మార్చారు. అనసూర్యను తిరిగి మగ వార్డుకు రమ్మన్నారు. సంగతి సాయంత్రానికల్లా బస్తీ అంతటికీ తెలిసింది.

మర్నాడు ఇద్దరూ వరండాలో ఎదురుపడ్డారు, ఆమె ఇటు, ఈమె అటు. అనసూర్య తిడుతుందని దుర్గవ్వ సిద్ధంగా ఉంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. తిడితే తనూ ఒక మాట అనొచ్చు, లెక్క సరిపోతుంది. అనసూర్య దగ్గరకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎందుకు చెప్పినవ్ అక్కా? నాతోని పోయేదాయె. నేను చిన్నదాన్ని, నాలుగు దినాలైతె అందరు మర్సిపోతుండె. గీ వయసుల నీకు గీ మాట వడె" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

దుర్గవ్వ చెయ్యి విడిపించుకుని ఆడవాళ్ళ వార్డు వైపు గబగబా నడిచింది. గుండె పగిలేంత సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు అడుగున, ఇంత మంచితనం కూడా దానికే రావాలా అని, కడుపు మళ్ళీ భగ్గున మండింది.